వస్తువును చూసే కన్ను

మనిషి చేసిన ప్రతి వస్తువు వెనుకా ఒక ఆలోచన ఉంటుంది. ఆ ఆలోచనకు రూపమివ్వడమే రూపకల్పన. దీనినే డిజైన్ అని కూడా వ్యవహరిస్తారు. రూపకల్పన అనగానే చాలామందికి నగిషీ, పైపూత, రంగుల మేళవింపు మాత్రమే స్ఫురిస్తాయి. నిజానికి అలంకారం అందులో ఒక భాగం మాత్రమే. అవసరాన్ని గుర్తించడం, తగిన పదార్థాన్ని ఎన్నుకోవడం, ఆ పదార్థపు స్వభావానికి అనుగుణంగా ఆకారాన్ని నిర్ణయించడం, వాడేవారి సౌకర్యాన్నీ, చేసేవారి శ్రమనూ, కొనేవారి స్తోమతనూ లెక్కలోకి తీసుకోవడం అన్నీ రూపకల్పనలోనివే.

ఇందుకు పల్లెలోని నులక మంచం చక్కని ఉదాహరణ. నాలుగు కోళ్లు, నాలుగు పట్టెలు, కొంత నులక. ఇంతే దాని సామగ్రి. నులక సందులలో నుంచి గాలి ఆడుతుంది కనుక వేసవి రాత్రులలో ఆరుబయట హాయిగా నిద్రపడుతుంది. నులక వదులైతే మళ్లీ బిగించుకోవచ్చు; తెగితే తిరిగి అల్లుకోవచ్చు. పగటివేళ దానిని ఎత్తి గోడకు చేర్చితే వాకిలి ఖాళీ అవుతుంది. దీనిని రూపొందించినవారి పేరు ఎవరికీ తెలియదు. తరతరాల వాడుకే దానిని తీర్చిదిద్దింది.

ఇటువంటి ఆలోచనలతో రూపొందిన నేటి కుర్చీలు, బల్లలు, దీపాలు మొదలైన వాటిని ప్రజల ముందుంచేవే రూపకల్పన ఉత్సవాలు. వీటిలో ఇటలీలోని మిలాన్ నగర ప్రదర్శన ప్రసిద్ధమైనది. ఇటలీ ఫర్నీచర్ ఎగుమతులను పెంచే ఉద్దేశంతో 1961లో అది ప్రారంభమయింది. 1976లో దీపాల కోసం ‘యూరోలూచే’ అనే విభాగం దానికి తోడయింది. కాలక్రమంలో ఆ ఉత్సవం ప్రదర్శనశాలను దాటి పాత కర్మాగారాలకు, భవనాల ముంగిళ్లకు వ్యాపించింది. 2003లో లండన్ నగరమూ ఇటువంటి ఉత్సవాన్ని ఆరంభించింది.

భారతదేశంలో ఈ ఆలోచనకు బీజం 1958లో పడింది. అమెరికన్ రూపకర్తలైన చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు భారత ప్రభుత్వ ఆహ్వానంపై దేశమంతా పర్యటించి ఒక నివేదిక సమర్పించారు. తాము చూసిన వస్తువులన్నింటిలో సామాన్యుని చెంబును వారు మిక్కిలిగా ప్రశంసించారు. ఆ నివేదిక ప్రేరణతో 1961లో అహమదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడింది. 2019 అక్టోబరులో ప్రపంచ డిజైన్ సంస్థ మహాసభ హైదరాబాదులో జరిగింది. ఆ సందర్భంగా తెలంగాణ ప్రభుత్వ సహకారంతో ‘హైదరాబాద్ డిజైన్ వీక్’ను కూడా నిర్వహించారు.

హైదరాబాదుకు వస్తు ప్రదర్శన కొత్త కాదు. ఉస్మానియా పట్టభద్రుల చొరవతో నుమాయిష్ 1938లోనే ప్రారంభమయింది. అయితే రెండింటికీ భేదం ఉంది. నుమాయిష్‌కు వెళ్లినవారు సాధారణంగా ‘దీని ధర ఎంత?’ అని అడుగుతారు. రూపకల్పన ఉత్సవానికి వెళ్లినవారు ‘ఇది ఇలా ఎందుకు ఉంది?’ అని అడగాలి.

ఆ ప్రశ్నను ముందుగా ఒక కుర్చీకి వేసి చూడవచ్చు. 1859లో మైఖేల్ థోనెట్ రూపొందించిన పద్నాలుగో నంబరు కుర్చీ లోకప్రసిద్ధమైనది. బీచ్ కర్రను ఆవిరితో మెత్తబరచి, వంచి దానిని తయారు చేశారు. అందులో ఉన్నవి ఆరు కొయ్య భాగాలు, పది మరలు, రెండు నట్లు మాత్రమే. విడదీసిన ముప్పై ఆరు కుర్చీలు ఒక ఘనమీటరు పెట్టెలో ఇమిడేవి. అందువల్ల రవాణా ఖర్చు తగ్గింది. సామాన్యునికి కుర్చీ అందుబాటులోకి వచ్చింది. థోనెట్ తన కర్మాగారాన్ని బీచ్ అడవుల చెంతనే నెలకొల్పడం గమనించదగినది.

దీపాల విషయమూ ఇటువంటిదే. పాతకాలపు తీగ బల్బు తాను తీసుకున్న విద్యుత్తులో అధిక భాగాన్ని వేడిగా మార్చేది. ఎల్.ఇ.డి. రాకతో ఈ స్థితి మారింది. నీలి కాంతినిచ్చే ఎల్.ఇ.డి.ని ఆవిష్కరించినందుకు అకసాకి, అమానో, నకమురా అనే శాస్త్రవేత్తలకు 2014లో నోబెల్ బహుమతి లభించింది. ఈ దీపాల వేడి తక్కువ కనుక కాగితం, వెదురు, పలుచని కొయ్య వంటివాటిని కాంతికి మరింత చేరువగా అమర్చే వీలు కలిగింది. కాంతి రంగును కూడా అవసరాన్ని బట్టి ఎంచుకోవాలి. 2700 కెల్విన్ల పసుపు కాంతి విశ్రాంతికి అనువుగా ఉంటుంది. 6500 కెల్విన్ల తెల్లని కాంతి పనిచేసే చోటికి నప్పుతుంది.

పదార్థానికీ ప్రాంతానికీ ఉన్న ఈ బంధాన్ని నిజామాబాదు పరిసరాలలోనూ చూడవచ్చు. ఆర్మూరు మీదుగా ఉత్తరంగా సాగి, సోన్ వద్ద గోదావరి దాటితే నిర్మల్ వస్తుంది. అక్కడి నకాషీ కళాకారులు తేలికైన పొణికి కర్రతో బొమ్మలు చెక్కుతారు. కొయ్య సామానుపై పూలు, లతలు చిత్రిస్తారు. వీరి సహకార సంఘం 1955లో ఏర్పడింది. నిర్మల్ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అయినా పొణికి కర్ర కొరత వారిని వేధిస్తున్నది.

ఈ పరిస్థితిలో నగర రూపకర్త బాధ్యత పెద్దది. నిర్మల్ పూలతీగను యంత్రంతో దీపపు గొడుగుపై ముద్రించి అమ్మితే అందం అమ్ముడవుతుంది; కళాకారునికి మాత్రం పని దొరకదు. అలాకాక కళాకారునితో కలిసి కూర్చుని, కర్రను పొదుపుగా వాడే కొత్త దీపాన్ని రూపొందిస్తే ఇద్దరి నైపుణ్యమూ నిలుస్తుంది. ప్రదర్శనలో రూపకర్త పేరు పక్కన కళాకారుని పేరు కూడా ఉండడం న్యాయం.

బోధన్ ప్రాంతం మరొక పాఠం నేర్పుతుంది. 1937లో నెలకొల్పిన నిజాం చక్కెర కర్మాగారం ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరొందింది. దానివల్ల వెలసిన శక్కర్‌నగర్ ఆ వైభవానికి గుర్తు. 2015 డిసెంబరులో ఆ కర్మాగారం మూతపడింది. కార్మికులు ఉపాధి కోల్పోయారు. చెరకు సాగు తగ్గింది. వంద టన్నుల చెరకును గానుగాడితే సుమారు ముప్పై టన్నుల పిప్పి మిగులుతుంది. దానిని ఎక్కువగా బాయిలర్లలో ఇంధనంగా వాడతారు. అదే పిప్పిని జిగురుతో కలిపి అదిమితే బల్లలకు, అలమారాలకు పనికివచ్చే పలకలు తయారవుతాయి. ఈస్ట్ లండన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చెరకు పిప్పితో ‘షుగర్‌క్రీట్’ అనే నిర్మాణపు దిమ్మెలను రూపొందించారు. ఒకరు వ్యర్థమనుకున్నది మరొకరికి ముడిపదార్థమవుతుంది. మూతపడిన కర్మాగారాన్ని రూపకల్పన ఒక్కటే తెరిపించలేదు. కాని చెరకు పండే నేలకు చక్కెరతోపాటు మరో ఆదాయమార్గం ఉందని అది చూపగలదు.

కనుక రూపకల్పన ఉత్సవాన్ని సందర్శించే విద్యార్థి వస్తువు మెరుపును చూసి ఆగిపోరాదు. ఇది ఏ అవసరాన్ని తీరుస్తుంది? దేనితో తయారయింది? ఎవరు చేశారు? వారికి తగిన ప్రతిఫలం దక్కిందా? పాడైతే బాగుచేయవచ్చునా? ఈ ప్రశ్నలు వేయగలిగినవారికి మిలాన్ నగరంలోని కుర్చీ, తమ ఇంటి వాకిట్లోని నులక మంచం సమానంగా పాఠాలు చెబుతాయి.

కఠిన పదాలు – అర్థాలు

స్ఫురించు = మనసుకు తోచు
నగిషీ = చెక్కడపు పని
స్తోమత = ఆర్థిక శక్తి
బీజం = విత్తనం, మూలం
పిప్పి = రసం తీయగా మిగిలినది

ప్రశ్నలు

1. రూపకల్పన అంటే ఏమిటి? నులక మంచం ఆధారంగా వివరించండి.
2. థోనెట్ కుర్చీ సామాన్యులకు ఎలా అందుబాటులోకి వచ్చింది?
3. నిర్మల్ కళాకారుల పట్ల నగర రూపకర్తల బాధ్యత ఏమిటి?
4. ‘ఒకరు వ్యర్థమనుకున్నది మరొకరికి ముడిపదార్థమవుతుంది.’ దీనిని బోధన్ ప్రాంతానికి అన్వయించి రాయండి.