బస్సు ఉచితమే, రోజు కూలి ఎవరిస్తారు? కామారెడ్డి, ఎల్లారెడ్డి దళితవాడల్లో వికలాంగ పిల్లల హక్కులు

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి బస్సులో గంటకు పైనే పడుతుంది. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. అయినా లింగంపేట, గాంధారి, నాగిరెడ్డిపేట మండలాల వాడల్లో, తండాల్లో నడవలేని బిడ్డ ఉన్న తల్లికి ఆ ప్రయాణం ఉచితంగా జరగదు. ఆ రోజు కూలి పోతుంది. బిడ్డకు ధ్రువపత్రం కావాలన్నా, ఫిజియోథెరపీ కావాలన్నా, బడి కావాలన్నా ముందుగా చెల్లించే మూల్యం అదే.

వికలాంగ పిల్లలకు చట్టాలు లేక కాదు, పథకాలు లేకా కాదు. అవన్నీ బిడ్డ పేరు మీదే ఉన్నాయి. బిడ్డను ఎత్తుకుని తిరిగే తల్లి రోజు మాత్రం ఏ పథకం లెక్కలోకీ రాదు. భూమి లేని, కూలి మీద బతికే దళిత కుటుంబాలకు సేవలు అందకుండా పోయేది ఇక్కడే.

లెక్కలు ఏం చెబుతున్నాయి

2011 జనగణన ప్రకారం దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులు ఉన్నారు. ఎస్సీ జనాభాలో వాళ్ల శాతం 2.45. ఎస్సీ, ఎస్టీలు కాని వారిలో 2.18. తేడా చిన్నదిగా కనిపించినా అది లక్షల మంది మనుషుల తేడా. అదే జనగణనలో 5 నుంచి 19 ఏళ్ల వికలాంగ పిల్లల్లో 27 శాతం మంది ఎన్నడూ బడి గడప తొక్కలేదని తేలింది. ఒకటికి మించి వైకల్యాలున్న పిల్లల్లో ఇది సగానికి పైనే.

కులానికీ వైకల్యానికీ సమాజం చెప్పే కారణం ఒక్కటే: పూర్వజన్మ పాపం. ఆ మాట వాడకు కొత్తేమీ కాదు. పైనుంచి పెట్టే పేర్లూ కొత్త కాదు. 2015 డిసెంబర్‌లో ప్రధాని 'దివ్యాంగ్' అనే మాట ప్రతిపాదించారు. 'హరిజన' అనిపించుకున్న అనుభవం ఉన్నవాళ్లకు అందులోని ఇబ్బంది వేరే చెప్పక్కర్లేదు. మాదిగ దండోరా నడిపిన మంద కృష్ణ మాదిగ పెట్టిన సంఘం పేరు వికలాంగుల హక్కుల పోరాట సమితి. ఈ వ్యాసంలో కూడా ఆ మాటే వాడుతున్నాను.

ఏమేం ఉన్నాయి

మొదటిది గుర్తింపు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడికి ఒకసారి వచ్చి పిల్లలను పరీక్షించాలి. ఎదుగుదలలో ఆలస్యం ఎంత ముందుగా దొరికితే అంత మేలు. అంగన్‌వాడీ ఊళ్లో ఉండి, బిడ్డ వాడలో మంచం మీద ఉంటే ఆ పరీక్ష జరగదు.

రెండోది ధ్రువపత్రం. దరఖాస్తు చేసుకుని ప్రభుత్వాసుపత్రిలో జరిగే శిబిరానికి వెళ్లాలి. సదరం పేరుతో మనకు తెలిసిన ఈ ప్రక్రియే యూడీఐడీ కార్డుకు దారి. 40 శాతం వైకల్యం తేలితే చాలా హక్కులు తెరుచుకుంటాయి. పిల్లలకు తరచుగా తాత్కాలిక ధ్రువపత్రమే ఇస్తారు. గడువు తీరితే మళ్లీ అదే దారి.

మూడోది పింఛను. దీనికి వయసు పరిమితి లేదు, పసిబిడ్డకైనా వస్తుంది. 2014లో 1,500 రూపాయలుగా మొదలై, 2019లో 3,016, 2023లో 4,016 అయింది. 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ 6,000 ఇస్తామంది.

నాలుగోది భవిత కేంద్రం. సమగ్ర శిక్ష కింద మండల స్థాయిలో నడిచే ఈ కేంద్రాల్లో సహిత విద్య రిసోర్స్ పర్సన్లు, అంటే ఐఈఆర్‌పీలు, పిల్లలకు చదువు, రోజువారీ పనులు నేర్పిస్తారు. ఫిజియోథెరపీ కూడా ఇక్కడే. కదలలేని పిల్లల ఇంటికి వెళ్లి నేర్పే ఏర్పాటూ ఉంది. రాకపోకల భత్యం, తోడు వచ్చేవారికి ఎస్కార్ట్ భత్యం, ఆడపిల్లలకు పది నెలల పాటు నెలకు 200 రూపాయల స్టైపెండ్ ఉన్నాయి. ఈ పని చేసే ఐఈఆర్‌పీలు కాంట్రాక్టు ఉద్యోగులు. 2024 డిసెంబర్‌లో సమగ్ర శిక్ష ఉద్యోగులు రాష్ట్రమంతటా సమ్మె చేశారు. వాళ్ల ఉద్యోగ భద్రతకూ ఈ పిల్లల చదువుకూ ముడి ఉంది.

ఇవి కాక ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి నేషనల్ ట్రస్ట్ 'నిరామయ' బీమా ఉంది. ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, థెరపీ ఖర్చు కూడా ఇందులో వస్తుంది.

తల్లి లెక్క

ఉదాహరణకు సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఏడేళ్ల పాపను తీసుకుందాం. మీసేవకు ఒక రోజు, శిబిరానికి ఒక రోజు, పింఛను దరఖాస్తుకు ఇంకో రోజు. ఒక్కసారిలో పని అయితేనే ఇది. ఆ తర్వాత ఫిజియోథెరపీకి వారానికి ఒక్క రోజు అనుకున్నా నెలకు నాలుగు రోజులు. 2025-26లో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. నాలుగు రోజులంటే 1,228. పింఛనులో మూడో వంతుకు దగ్గరగా, థెరపీకి తీసుకెళ్లినందుకే పోతుంది. స్టైపెండ్ ఏడాది మొత్తానికి 2,000, అంటే ఏడు రోజుల కూలి కూడా కాదు.

ఈ ప్రాంతంలో ఆడవాళ్లకు ఇంటిపట్టున దొరికే పనుల్లో ముఖ్యమైనది బీడీలు చుట్టడం. బిడ్డను కనిపెట్టుకుని ఉండాల్సిన తల్లికి వీలయ్యే పని అది. కానీ కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది. బిడ్డకు తినిపించిన గంట, కడిగిన గంట, ఎత్తుకున్న గంట ఆ లెక్కలోంచి తెగిపోతాయి.

అందుకే రెండు నెలలు తిరిగి మానేసిన తల్లిని చూసి 'వీళ్లకు అవగాహన లేదు' అనడం అన్యాయం. ఆమె లెక్క వేసుకునే మానేసింది.

బడిలో పేరు, బడిలో ఆట

రిజిస్టర్‌లో పేరుంటే సరిపోదు. ప్రార్థనలో, ఆటల పీరియడ్‌లో, మధ్యాహ్న భోజనం వరుసలో, బతుకమ్మ ఆటలో ఆ బిడ్డ ఎక్కడ ఉంది? దళిత పిల్లలను వేరే వరుసలో కూర్చోబెట్టిన చరిత్ర తెలిసిన మనం ఈ ప్రశ్న తప్పక అడగాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ ఆటలు, వినోదంలోనూ సమాన అవకాశం ఇవ్వాలంటోంది.

వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన జీవాంజి దీప్తి తల్లిదండ్రులు కూలి పని చేసేవాళ్లు. మేధో వైకల్యం ఉందని ఊళ్లో ఆమెను ఎగతాళి చేశారు. ఆమె పరుగును బడిలో పీఈటీ గుర్తించారు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టీ20 విభాగంలో కాంస్యం తెచ్చింది. అందరూ పతకాలు తేనక్కర్లేదు. కానీ ఆటల పీరియడ్‌లో ఆమెను గది లోపలే కూర్చోబెట్టి ఉంటే ఆ పరుగు ఎవరికీ తెలిసేది కాదు.

రెండు చట్టాలు, ఒకే బిడ్డ

వికలాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్ ప్రకారం పదిమంది ఎదుట కావాలని అవమానించడం నేరం. ఆరు నెలల నుంచి ఐదేళ్ల శిక్ష. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం చదివినవాళ్లకు ఈ మాటలు పరిచయమే. 3(1)(ఆర్)లో ఉన్న నేరం, శిక్ష దాదాపు ఇవే. దళిత బిడ్డను కులం పేరుతోనూ, 'ఎడ్డిది' అనీ తిడితే రెండు చట్టాలూ వర్తిస్తాయి. ఫిర్యాదులో రెండూ రాయించాలి.

విద్యా హక్కు చట్టంలో 'అననుకూల వర్గాల పిల్లలు' అనే నిర్వచనంలో ఎస్సీ, ఎస్టీ పిల్లలు మొదటి నుంచీ ఉన్నారు. 2012 సవరణతో వికలాంగ పిల్లలూ చేరారు. వికలాంగుల హక్కుల చట్టం 31వ సెక్షన్ 6 నుంచి 18 ఏళ్ల వరకు, 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్న పిల్లలకు దగ్గరి బడిలో గానీ, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచిత విద్య హక్కు ఇచ్చింది. దళిత పిల్లలకు పెద్ద ఆసరా అయిన గురుకులాలూ ప్రభుత్వ నిధులతో నడిచేవే. వికలాంగ బిడ్డకు వాటి తలుపు మూయడానికి వీల్లేదు.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట 16వ సెక్షన్‌లోనే ఉంది. వికలాంగ పిల్లలకు, ఎక్కువ సాయం అవసరమైన పిల్లల వెంట వచ్చేవారికి రవాణా సౌకర్యం కల్పించాలని అది చెబుతోంది. తల్లి తోడు రావడం చట్టం గుర్తించిన పని.

ఏం అడగాలి

సమాచార హక్కు కింద మండల విద్యాధికారిని అడగండి: భవిత కేంద్రంలో ఎంతమంది నమోదయ్యారు, వాళ్లలో ఎస్సీ, ఎస్టీ పిల్లలెందరు, ఎస్కార్ట్ భత్యం ఎందరికి అందింది, ఫిజియోథెరపిస్ట్ నెలలో ఎన్ని రోజులు వచ్చారు, ఇంటి వద్ద చదువు ఎన్ని ఇళ్లకు చేరింది. ప్రాథమిక స్థాయిలో పదిమంది పిల్లలకు ఒక ప్రత్యేక టీచర్ ఉండాలని సుప్రీంకోర్టు 2021లో రజనీష్ కుమార్ పాండే కేసులో చెప్పింది. మీ మండలంలో ఎందరున్నారో పోల్చి చూడండి.

కలెక్టరేట్ ప్రజావాణిలో మూడు డిమాండ్లు పెట్టవచ్చు. ధ్రువపత్రాల శిబిరం ఎల్లారెడ్డిలోనూ జరగాలి. ఎస్కార్ట్ భత్యం ఉపాధి హామీ కూలికి తగ్గకూడదు. దళితవాడల నుంచి భవిత కేంద్రానికి వాహనం పెట్టాలి. డబ్బు లేదంటే 2017 ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టాన్ని గుర్తుచేయండి. ఎస్సీల అభివృద్ధికి కేటాయించాల్సిన నిధిలో ఎస్సీ వికలాంగ పిల్లల వాటా ఎంతో అడిగే హక్కు మనకుంది.

దళిత సంఘాల సమావేశాల్లో ఈ తల్లులు కనబడటం అరుదు. బిడ్డను వదిలి రాలేరు. వచ్చే సమావేశం వాళ్ల వాడలో, వాళ్ల ఇంటి ముందు పెట్టుకుందాం.