పూర్తిగా చెల్లిస్తే తప్పు కాదా?

ప్రాణం ఉండగానే అవయవాలన్నీ ఇచ్చేస్తానని ఒకరు అంటే చట్టం వద్దంది. డబ్బు కోసం ఇంకొకరు కిడ్నీ ఇచ్చేస్తే ఆ సంగతి చట్టానికి ఆలస్యంగా తెలిసింది. దానానికీ బేరానికీ మధ్య ఉన్న గీతను పెందుర్తి నుంచి చూస్తే ఎలా కనిపిస్తుంది?

ఒప్పుకున్న డబ్బంతా చేతిలో పెట్టి ఉంటే ఈ సంగతి మనదాకా వచ్చేదే కాదు.

2023 ఏప్రిల్. విశాఖలో నలుగురు కూడిన చోటల్లా పెందుర్తి కిడ్నీ వ్యవహారమే. కిడ్నీ ఇస్తే ఎనిమిదిన్నర లక్షలు ఇస్తామని మధురవాడకు చెందిన ఓ యువకుడికి ఆశ చూపారు. పెందుర్తిలోని ఓ ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ జరిగింది. తన చేతికి వచ్చింది రెండున్నర లక్షలేనని అతను పోలీసులను ఆశ్రయించాడు. అరెస్టులూ తనిఖీలూ ఆ తర్వాతే. తీరా చూస్తే అది కిడ్నీ మార్పిడికి అనుమతే లేని ఆసుపత్రి.

ఊరంతా అయ్యో అంది. అయితే ఆ అయ్యో దేనికి? కిడ్నీ తీసినందుకా, డబ్బు ఎగ్గొట్టినందుకా? టీకొట్ల దగ్గర వినపడిన మాటల్లో ఎక్కువ రెండోదే. ‘మాటిచ్చి మోసం చేసీసారు’ అన్నవాళ్లే గానీ, ఆ మాట ఇవ్వడమే నేరమన్నవాళ్లు తక్కువ. మొత్తం సొమ్ము ముట్టజెప్పి ఉంటే లెక్క సరిపోయేదన్న భావన మనలో ఎక్కడో ఉంది. చట్టం మాత్రం అలా అనుకోదు. కిడ్నీకి ధరగా ఒక్క రూపాయి చేతులు మారినా నేరమే అంటుంది. మన మనసు చెప్పే న్యాయం ఒకటి, పుస్తకంలో రాసుకున్న న్యాయం ఇంకొకటి. ఆ రెండింటి మధ్య ఖాళీలోనే దళారి దుకాణం పెట్టుకుంటాడు.

ఒక్కడి వల్ల అయ్యే పని కాదు

విశాఖలోని ఎన్ఏడీ జంక్షన్ నుంచి గోపాలపట్నం, వేపగుంట మీదుగా బీఆర్టీఎస్ రోడ్డు పట్టుకుని వస్తే పెందుర్తి. ఇటు కొత్తవలస, అటు సబ్బవరం. చుట్టుపక్కల పల్లెల జనం వైద్యం కోసం దిగే కూడలి. ఇలాంటి చోట చిన్న ఆసుపత్రులు అవసరమే. అయితే కిడ్నీ మార్పిడి చిన్న పని కాదు. ఇచ్చేవాళ్ల రక్తం గ్రూపు సరిపోవాలి, కణజాలం కుదరాలి, క్రాస్‌మ్యాచ్ పరీక్ష జరగాలి. మామూలుగా ఇద్దరికీ పక్కపక్క థియేటర్లలో ఆపరేషన్ చేస్తారు. సర్జన్లు, మత్తు డాక్టరు, కిడ్నీ వైద్య నిపుణుడు, నర్సులు, ల్యాబు అందరూ ఒక్కటై కదలాలి.

అందుకే ‘బ్రోకరు మోసం చేశాడు’ అని వదిలేస్తే కథ సగమే చెప్పినట్టు. కిడ్నీ అమ్మకం ఎక్కడ జరిగినా పరీక్షలు రాసినవాళ్లు, రిపోర్టు చూసినవాళ్లు, కత్తి పట్టినవాళ్లు ఉంటారు. ‘ఈ ఇచ్చేవాడు పుచ్చుకునేవాడికి ఏమవుతాడు?’ అన్న ఒక్క ప్రశ్న వాళ్లలో ఏ ఒక్కరు గట్టిగా అడిగినా ఆపరేషన్ ఆగిపోతుంది. ప్రైవేటు ఆసుపత్రుల నమోదుకు, నియంత్రణకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లోనే చట్టం చేసుకుంది. అవయవ మార్పిడికైతే విడిగా అనుమతి తీసుకోవాలి. కాగితం మీద తలుపులు రెండూ ఉన్నాయి. తట్టి చూసేవాళ్లు లేకపోతే తలుపు ఉన్నా లేకపోయినా ఒకటే.

అప్పు తీరిందా?

‘రెండున్నాయి కదా, ఒకటి పోతే ఏటవుద్ది?’ ఇది దళారుల పాత పాట. పైకి వైద్యశాస్త్రం కూడా దీన్ని కాదనదు. ఆరోగ్యవంతుడు ఒక్క కిడ్నీతో బతకగలడు. తల్లి కొడుక్కి, అన్న తమ్ముడికి ఇచ్చి హాయిగా ఉన్నవాళ్లు ఎందరో. అయితే వాళ్లు ఆపరేషన్ తర్వాత కూడా పరీక్షలకు వెళ్తారు, బీపీ చూపించుకుంటారు, కొన్నాళ్లు బరువు పనులు మానేస్తారు. కూలికెళ్తే గానీ పొయ్యి వెలగని మనిషికి ఆ వెసులుబాటు ఎక్కడిది?

అమ్ముకున్నవాళ్లు ఆ తర్వాత ఏమయ్యారో వెతికిన అధ్యయనం ఒకటి 2002లో అమెరికన్ వైద్య పత్రిక ‘జామా’లో అచ్చయింది. పరిశోధకులు చెన్నైలో కిడ్నీ అమ్మిన 305 మందిని కలిశారు. వాళ్లలో 96 శాతం మంది అప్పు తీర్చడానికే అమ్మారు. ఆ తర్వాత కుటుంబాల సగటు ఆదాయం మూడో వంతు తగ్గింది. నూటికి 74 మంది ఇంకా అప్పుల్లోనే ఉన్నారు. 86 శాతం మంది ఆరోగ్యం చెడిందన్నారు. ఇంకొకరికి ఈ సలహా ఇవ్వబోమని 79 శాతం మంది చెప్పారు. అప్పు తీర్చడానికని ఒంట్లోంచి తీసి ఇచ్చారు. కిడ్నీ పోయింది, అప్పు ఉండిపోయింది.

తెలుగునాట ఈ కథ పెందుర్తితో మొదలు కాలేదు. పాత గుంటూరు జిల్లాలోని పల్నాడు ప్రాంతం నుంచి అప్పుల రైతులు కిడ్నీలు అమ్ముకున్నారని రెండు దశాబ్దాలకు ముందే పత్రికల్లో చదివాం. మొన్న 2025 జనవరిలో హైదరాబాద్ సరూర్‌నగర్‌లో ఓ ఆసుపత్రి ఇదే పనిలో దొరికింది. ఊళ్లు మారతాయి. అప్పు ఒక్కటే మారదు.

గీత ఎక్కడ గీశారు?

ఒకప్పుడు మన దేశంలో కిడ్నీలు బహిరంగంగానే అమ్ముడయ్యేవి. దాన్ని ఆపడానికే 1994లో పార్లమెంటు మానవ అవయవాల మార్పిడి చట్టం తెచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1995లో తన సొంత చట్టం చేసుకుంది. సారం ఒక్కటే: అవయవాన్ని ఇవ్వొచ్చు, అమ్మకూడదు.

కేంద్ర చట్టం చెప్పేది
• బతికున్నవాళ్లు దగ్గరి బంధువులకు ఇవ్వొచ్చు. భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు మొదటి నుంచీ ఆ జాబితాలో ఉన్నారు. తాతా బామ్మలు, మనవలు 2011 సవరణతో చేరారు.
• బంధువులు కానివాళ్లు అభిమానంతో ఇస్తామంటే ఆథరైజేషన్ కమిటీ అనుమతి తప్పనిసరి.
• మెదడు పూర్తిగా ఆగిపోయిందో లేదో నలుగురు వైద్యుల బోర్డు కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించాకే మనిషిని బ్రెయిన్ డెడ్‌గా నిర్ధారించాలి.
• వ్యాపారం చేస్తే అయిదు నుంచి పదేళ్ల జైలు, 20 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా.

కమిటీ పని సంతకాలు సరిచూడటమే కాదని సుప్రీంకోర్టు 2005లో కుల్‌దీప్ సింగ్ కేసులో స్పష్టం చేసింది. ఇచ్చేవాడి ఆర్థిక స్థితిని, పుచ్చుకునేవాడి ఆర్థిక స్థితిని పక్కపక్కన పెట్టి చూడమంది. కారున్నవాడి మీద కూలివాడికి హఠాత్తుగా అంత ప్రేమ ఎందుకు పుట్టిందో అడగమనే దాని అర్థం. సంతకం వేరు, సమ్మతి వేరు. అప్పులవాడు గుమ్మంలో నిలబడి ఉండగా పెట్టిన సంతకానికి సమ్మతి అని పేరు పెట్టలేం.

‘నా ఒళ్లు నా ఇష్టం, ప్రభుత్వానికేం పని?’ అనే వాదన ఉంది. తేలిగ్గా కొట్టేసేది కాదు. ఇరాన్‌లో డబ్బిచ్చి కిడ్నీ తీసుకునే పద్ధతి ప్రభుత్వం కనుసన్నల్లోనే నడుస్తోంది. కానీ ఇష్టం అనే మాట నిలబడాలంటే వద్దనే వీలు కూడా ఉండాలి. పొలం, పుస్తెలు, పిల్లల చదువు అన్నీ తాకట్టులో ఉన్నవాడికి ఆ వీలు లేదు. రక్తం విషయంలో మనం ఈ సంగతి ముందే గ్రహించాం. సుప్రీంకోర్టు తీర్పుతో 1998 జనవరి 1 నుంచి డబ్బుకు రక్తం ఇవ్వడం నిషేధమైంది. అప్పట్లో రక్తం దొరకదేమోనని భయపడ్డారు. ఇప్పుడు పుట్టినరోజులకు, వర్ధంతులకు శిబిరాలు పెట్టి మరీ ఇస్తున్నాం.

ఇస్తానంటే వద్దన్న రోజు

ఇక దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచే కథ. అదీ తెలుగు కథే.

2004 డిసెంబర్, హైదరాబాద్. వెంకటేశ్ వయసు 25. చదరంగం ఆటగాడు. కండరాలు క్షీణించే జబ్బుతో ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. ఇంకొన్ని రోజులే అని తెలుసు. ఇన్ఫెక్షన్ సోకి అవయవాలు పాడైపోయేలోపే వాటిని తీసి అవసరమైనవాళ్లకు ఇచ్చేయండని కోరాడు. కొడుకు కోరికతో తల్లి హైకోర్టుకు వెళ్లింది. పైసా ఆశ లేదు, దళారి లేడు, బలవంతం లేదు. ఇంతకంటే స్వచ్ఛమైన దానం ఉంటుందా?

కోర్టు కుదరదంది. బ్రెయిన్ డెడ్ కాని మనిషి నుంచి అలా తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. డిసెంబర్ 17న వెంకటేశ్ కన్నుమూశాడు.

ఆ తీర్పు క్రూరంగా అనిపించవచ్చు. కానీ అవయవాల కోసం ఒక్క రోజు ముందుగా ప్రాణం తీయవచ్చని ఒక్కసారి ఒప్పుకుంటే, రేపు ఐసీయూలో ఉన్న పేదవాడి మంచం పక్కన వైద్యుడు దేనికోసం నిలబడ్డాడో ఎవరికీ నమ్మకం ఉండదు. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కోలుకునే ఆశలేని రోగికి ప్రాణాధార చికిత్స ఆపేందుకు దారి చూపింది. అయినా వెంకటేశ్ అడిగింది ఆ తీర్పులోనూ దొరకదు. మంచి మనసు ఉన్నా సరే గీత దాటనివ్వని చట్టం, చెడ్డ బేరం దగ్గర గీత చెరిగిపోతే చూస్తూ ఊరుకోవడం న్యాయమేనా? అక్కడ అంత కచ్చితం, ఇక్కడ ఇంత అలసత్వం. లోపం గీతలో లేదు, కాపలాలో ఉంది.

శిబి సరే, ఆ కుటుంబం సంగతి?

దానం అనే మాట మనకు కొత్త కాదు. పావురం కోసం తొడ కోసిచ్చిన శిబి, వెన్నెముక ఇచ్చిన దధీచి మనకు చిన్నప్పటి కథలు. అయినా బ్రెయిన్ డెడ్ అయిన మనిషి పక్కన కుటుంబాన్ని కూర్చోబెట్టి అడిగితే చాలామంది నోట వచ్చేది ‘ఒళ్లు కోయొద్దు బాబూ’ అనే మాటే. కళ్లు తీసేస్తే వచ్చే జన్మలో గుడ్డివాడిగా పుడతాడేమో అన్న బెంగ ఇంకా పోలేదు. గుండె కొట్టుకుంటూనే ఉంటే చనిపోయాడని ఎలా నమ్మాలన్నది ఇంకో సందేహం. ఈ బెంగలను మూఢనమ్మకం అని ఒక్క మాటతో కొట్టేస్తే కుటుంబాలు మరింత దూరం జరుగుతాయి. దగ్గర కూర్చుని ఓపిగ్గా చెప్పేవాళ్లు కావాలి.

బతికున్నవాళ్ల దానంలోనూ చట్టం కంటికి కనిపించని ఒత్తిడి ఉంది. 1995 నుంచి 2021 వరకు దేశంలో 36,640 అవయవ మార్పిడులు జరిగాయి. పుచ్చుకున్నవాళ్లలో 29,695 మంది మగవాళ్లు, 6,945 మంది ఆడవాళ్లు. బతికుండగా ఇచ్చేవాళ్లలో మాత్రం ఎక్కువమంది ఆడవాళ్లే: తల్లులు, భార్యలు. ‘ఆయన సంపాదించాలి కదా’ అని అత్తింట్లో అన్న మాటకు రసీదు ఉండదు. చేతులు మారిన డబ్బు లేదు కాబట్టి కమిటీకి అది దానమే. ఆమె వద్దనగలిగేదా అన్న ప్రశ్న అక్కడా వేయాల్సిందే.

అవతలి మంచం

కొనుక్కునేవాడిని ధనవంతుడని తిట్టేసి ఊరుకోలేం. ఉత్తరాంధ్రకు కిడ్నీ జబ్బు అంటే ఏమిటో శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం నేర్పింది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు ఊళ్లలో దశాబ్దాలుగా జనం కిడ్నీలు పాడై పోతున్నారు. కారణం ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి. డయాలసిస్ అంటే సాధారణంగా వారానికి మూడు రోజులు, ఒక్కోసారి నాలుగు గంటలు సూది గుచ్చుకుని పడుకోవడం. ఆ మంచం మీద ఉన్నవాడికి దళారి ఫోన్ నంబరు దేవుడి నంబరులా కనిపిస్తే ఆశ్చర్యం ఏముంది?

ఆ నంబరు చెల్లకుండా పోవాలంటే కిడ్నీలు న్యాయంగా దొరకాలి. 2013లో హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రి కేంద్రంగా మొదలైన జీవన్‌దాన్ పథకం, విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లోనూ వేరుగా నడుస్తూ బ్రెయిన్ డెడ్ అయినవాళ్ల అవయవాలను వరుస క్రమంలో రోగులకు అందిస్తోంది. ఇందులో ధర లేదు, వరుస ఉంది. కానీ జనాభా 140 కోట్లు దాటిన దేశంలో మరణానంతర దాతలు ఏడాదికి వెయ్యి దాటడం 2023లోనే మొదటిసారి. రోజూ రోడ్డు ప్రమాదాల్లో రాలిపోతున్న ప్రాణాల ముందు ఇది ఏ మూలకు?

భయం లేకుండా చెప్పుకోనివ్వండి

చట్టంలో ఒక మెలిక ఉంది. డబ్బు ఇచ్చినవాడే కాదు, తీసుకున్నవాడు కూడా నేరస్థుడే. నీతి పుస్తకంలో ఇది సమన్యాయంగా కనిపిస్తుంది. నిజ జీవితంలో మాత్రం దళారికి ఇది కవచం. ‘స్టేషన్‌కు వెళ్తే నువ్వే లోపలికి పోతావు’ అని ఒక్క మాట అంటే చాలు. కిడ్నీ పోయినవాడు నోరెత్తడు.

కాబట్టి ముందుగా చేయాల్సింది ఒకటి. అప్పుల వల్ల అమ్ముకుని, ముందుకు వచ్చి చెప్పినవాడిని నిందితుడిగా కాక బాధితుడిగా, సాక్షిగా చూసేలా చట్టాన్ని సవరించాలి. అతనికి జీవితాంతం ఉచితంగా పరీక్షలు చేయించాలి. అనుమతి లేని ఆసుపత్రి థియేటర్లో ఏం జరుగుతోందో ఫిర్యాదు వచ్చాక కాదు, ముందే జిల్లా వైద్యాధికారులు చూడాలి. కత్తి పట్టిన వైద్యుడికి శిక్ష దళారి శిక్ష కంటే ముందు పడాలి.

పెందుర్తి వ్యవహారాన్ని ఏ తనిఖీ బయటపెట్టలేదు. ఒక బాధితుడు ధైర్యం చేసి చెప్పుకుంటే తెలిసింది, అదీ అతనికి బాకీ మిగిలింది కాబట్టి. బాకీ లేకుండా ముగిసిన బేరాల మీద ఫిర్యాదు చేసేవాళ్లు ఎవరూ లేరు.