చంటిబిడ్డను ఎత్తుకున్న తండ్రి

అరణ్యంలో మోషే ఒకరోజు దేవుని ముందు విసిగిపోయాడు. చంటిబిడ్డను పెంచే తండ్రిలా ఇంత జనాన్ని గుండెకు హత్తుకుని మోయడం తన వల్ల కాదని మొరపెట్టుకున్నాడు (సంఖ్యా 11:12-14). ఫరోకు బెదరని నాయకుడు, తిండి కోసం ఏడ్చేవాళ్ల దగ్గర బెదిరిపోయాడు! పగలంతా చిన్నపిల్లలతో ఇంట్లో గడిపినవారికి ఈ మొర బాగా అర్థమవుతుంది.

మా సంఘంలో ఒక సోదరుడు రెండు వారాలుగా ఆరాధనకు రాకపోతే చూసిరావడానికి వెళ్లాం. భార్య నర్సు. తాను పనిచేసే కంపెనీ మూతపడ్డాక ఇంటిపట్టున ఉండి ఇద్దరు ఆడపిల్లల్ని ఆయనే చూసుకుంటున్నాడు. త్వరగా పని దొరకాలని అలవాటు కొద్దీ ప్రార్థించాం. ‘ఆమేన్‌’ అన్నాక ఆయన నవ్వి, ‘పని లేకేం అయ్యగారూ! పొద్దున ఐదింటికి మొదలైతే రాత్రి పదైనా తెమలడం లేదు’ అన్నాడు. పెద్దదానికి రెండు జడలు వేయడం నేర్చుకున్నానని, మొదట్లో ఒకటి తూర్పుకి, ఒకటి పడమరకి పోయేదని చెబుతుంటే ముఖం వెలిగిపోయింది. తల్లి నైట్‌ డ్యూటీలో ఉంటే, జ్వరంతో ఉన్న చిన్నదాన్ని తెల్లవార్లూ భుజాన వేసుకుని తిరిగాడట. ‘ఇంకా ఖాళీయేనా?’ అని చర్చి మెట్ల మీద అడిగేవారి సంగతికి వచ్చేసరికి మాత్రం గొంతు తగ్గింది. మాకు సిగ్గేసింది. అలా అడిగినవారిలో మేమూ ఉన్నాం మరి!

ఇంటివారిని పట్టించుకోనివాణ్ణి గద్దిస్తూ పౌలు రాసిన మాటను (1 తిమోతి 5:8) ఇలాంటి తండ్రుల మీద రాయిలా విసురుతుంటాం. నిజానికి అది విధవరాళ్ల పోషణ గురించి చెబుతూ రాసినది. అక్కడి గ్రీకు పదానికి ముందుగా ఆలోచించి శ్రద్ధ తీసుకోవడమని అర్థం. మన తెలుగు బైబిలులో ఉన్నదీ సంరక్షణే, సంపాదన కాదు. డబ్బు అక్కర్లేదని కాదు, ఈ ఇంట్లో అది ఆమె జీతంగా వస్తోంది, అంతే. ఎఫ్రాయిముకు నడక నేర్పింది తానేనని దేవుడే చెప్పుకున్నాడు (హోషేయ 11:3). అది ఆడవాళ్ల పని అని ఆయన అనుకోలేదు.

మోషే మొర విన్న దేవుడు, ఆ భారం పంచుకోవడానికి డెబ్భై మంది పెద్దల్ని ఇచ్చాడు. మొన్న బుధవారం మా సంఘపెద్ద ఒకాయన భార్యతో కలిసి వెళ్లి ఆ పిల్లల్ని ఓ పూట చూసుకున్నారు. ఆ పూట సోదరుడేం చేశాడని అడిగాం. ‘హాయిగా నిద్రపోయాడండీ’ అన్నారు.