పెరటి కోళ్ళకు పులిసిన పిండి: దాణాకు తోడు, దాణాకు బదులు కాదు

పులియబెట్టిన పదార్థం ఏదో ఒకటి మన ఇళ్ళలో తరచూ మిగులుతూనే ఉంటుంది. అట్లకు సైతం పనికిరానంతగా పులిసిన పిండి, కుండ అడుగున మిగిలిన మజ్జిగ, తరవాణి తేట ఇందుకు ఉదాహరణలు. పాడి ఉన్న ఇంట ఇవి కుడితి తొట్టిలోకి చేరతాయి. పాడి లేని ఇంట మురుగుకాలువ పాలవుతాయి. వీటిని పెరటి కోళ్ళకు పెట్టవచ్చునా అని గ్రామ పర్యటనలలో రుణగ్రహీతలు అడుగుతుంటారు. పెట్టవచ్చును, అయితే దాణాకు తోడుగానే గాని దాణాకు బదులుగా కాదు. ఈ భేదం తెలియక నష్టపోయిన ఒక కుటుంబాన్ని నేను స్వయంగా చూశాను.

ఒక సోదరి అనుభవం

పొదుపు సంఘం ద్వారా రుణం పొందిన ఆ సోదరి పది గ్రామప్రియ పెట్టలను పెంచుతున్నారు. ఉదయం పూట ఇడ్లీలు అమ్ముతారు. రోజూ పిండి మిగులుతున్నది కదా అని దాణా కొనడం పూర్తిగా మానివేశారు. మొదటి వారం కోళ్ళు ఎగబడి తిన్నాయి. నెల తిరిగేసరికి రోజుకు ఆరేడు గుడ్లు వచ్చేచోట రెండు మూడే వచ్చాయి. పెంకులు పలుచబడి బుట్టలోనే పగిలిపోసాగాయి. రుణ వాయిదాకు గుడ్ల రాబడినే నమ్ముకున్న ఆమె, కోళ్ళకు తెగులు సోకిందని భావించి అమ్మివేయడానికి సిద్ధపడ్డారు. పశువైద్యుడు పరీక్షించి, తెగులేదీ లేదనీ, లోపం మేతలోనే ఉన్నదనీ తేల్చారు.

లోపం ఎక్కడ ఉన్నది?

గుడ్లు పెట్టే కోడి దాణాలో మాంసకృత్తులు 16 నుండి 18 శాతం ఉండాలి. బియ్యంలో ఇవి సుమారు 7 శాతం, మినప్పప్పులో సుమారు 24 శాతం ఉంటాయి. 3 పాళ్ళ బియ్యానికి 1 పాలు పప్పు కలిపిన పిండిలో, కలిపిన నీటిని మినహాయించి లెక్కించినా, సుమారు 11 శాతమే ఉంటాయి. ఇక ఒక్కొక్క గుడ్డు పెంకుకు సుమారు 2 గ్రాముల కాల్షియం అవసరం. పిండిలో అది నామమాత్రం. అందువలన కోడి తన ఎముకలలోని కాల్షియాన్ని కరిగించుకొని కొంతకాలం గుడ్లు పెట్టి, ఆపై తగ్గిస్తుంది.

పులిసినందువలన లాభమేమి?

పిండిని, మజ్జిగను పులియజేసే సూక్ష్మజీవులు లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తాయి. ఆ పులుపులో అనేక హానికర క్రిములు వృద్ధి చెందలేవు. గింజలలో కోడికి సులువుగా అందని భాస్వరం కొంత విడుదలవుతుంది. పేగులలోని మంచి సూక్ష్మజీవుల విలువను 1973లో ఫిన్లండ్ శాస్త్రజ్ఞులు నూర్మి, రంటాలా నిరూపించారు. పెద్ద కోళ్ళ పేగులలోని సూక్ష్మజీవులను అందించిన పిల్లలు సాల్మొనెల్లా క్రిమిని తట్టుకొన్నాయి. అయితే వంటింటి పులుపు మందు కాదు. కొక్కెర తెగులు టీకాకు అది ఎన్నడూ ప్రత్యామ్నాయం కాజాలదు.

వాడవలసిన విధానం

1. పది కోళ్ళకు రోజుకు ఒక టీ గ్లాసు పిండి చాలును. దానిని తవుడు, నూకలతో పొడిపొడిగా కలిపి పెట్టాలి. మిగిలిన మేత మామూలు దాణాయే.

2. గంటలో తినగలిగినంతే పెట్టి, మిగిలినది తీసివేయాలి.

3. ఆలిచిప్పల పొడిని వేరే చిప్పలో ఎల్లప్పుడూ ఉంచాలి. మంచినీరు రోజంతా అందుబాటులో ఉండాలి.

4. ఉప్పు కోళ్ళకు హానికరం. దాణాలో అర శాతానికి మించరాదు. ఉప్పు వేసిన పిండిని మరింత తగ్గించి పెట్టాలి. ఊరగాయ అడుగు, ఊట పెట్టనే కూడదు.

5. మజ్జిగ కొద్దిగా మాత్రమే పోయాలి. పాలలోని చక్కెర కోళ్ళకు సరిగా జీర్ణం కానందున ఎక్కువైతే విరేచనాలు కలుగుతాయి. జింకు పూత రేకు పాత్రలలో పులుపు పోయరాదు. పూత కరిగి విషమవుతుంది. మట్టి చిప్పలు శ్రేష్ఠం.

6. కల్లు మడ్డిలో మాంసకృత్తులున్నా సారా అంశం కూడా ఉంటుంది. కనుక వాడరాదు.

7. బూజు పట్టినది, రంగు మారినది, కుళ్ళు వాసన వచ్చేది పారవేయాలి. పులుపు వేరు, కుళ్ళు వేరు. కొన్ని బూజుల విషం ఉడకబెట్టినా పోదు.

దాణా వ్యాపారులకు మనవి

ఇదే బూజు తడిసిన దాణా సంచులలోనూ, వేరుసెనగ చెక్కలోనూ పుడుతుంది. సరుకును నేలపై గాక చెక్కబల్లలపై నిలువచేయండి. తడిసిన సంచిని ధర తగ్గించి అమ్మడం కొనుగోలుదారుకు మేలు చేయడం కాదు. ఆలిచిప్పల పొడిని చిన్న పొట్లాలలో ఉంచితే పది కోళ్ళున్నవారికి కూడా అందుతుంది.

ఆ సోదరి కోళ్ళను అమ్మలేదు. దాణా, ఆలిచిప్పల పొడి మరల ప్రారంభించి, పిండిని గ్లాసుకు పరిమితం చేశారు. ఆ నెల వాయిదా ఆలస్యమైనది. గుడ్లు తిరిగి పెరిగిన తరువాత వాయిదాలు సకాలంలో చెల్లిస్తున్నారు. గుడ్లు తగ్గినప్పుడు కోళ్ళను అమ్మే ముందు, ఏమి పెడుతున్నామో ఒకసారి సరిచూసుకొని పశువైద్యుని సంప్రదించవలసినదిగా పాఠకులకు మనవి.