మౌనం సోమరితనం కాదు

మా ఇల్లు ఫిలింనగర్‌లో. మా తమ్ముడు దగ్గరలోని ఒక డబ్బింగ్ థియేటర్‌లో సౌండ్ ఇంజనీరుకు సహాయకుడుగా ఉండేవాడు. ఇరవై నాలుగో ఏట అతనికి స్కిజోఫ్రేనియా వచ్చింది. ఎవరూ లేనిచోట మాటలు వినిపించేవి. ఇరుగుపొరుగు తనపై కుట్ర పన్నుతున్నారని భయపడేవాడు. కొన్ని నెలలు మందులు వాడిన మీదట ఆ భ్రమలు అణగిపోయాయి. గండం గడిచిందని దేవుడికి దండం పెట్టుకున్నాము.

అయినా వెనుకటి తమ్ముడు మాకు దక్కలేదు. గంటల తరబడి కిటికీ దగ్గర కూర్చునేవాడు. స్నానానికి పదిసార్లు చెప్పాలి. స్నేహితులు వచ్చినా ముఖంలో ఏ భావమూ కనిపించేది కాదు. "తిని కూర్చోవడం అలవాటయింది" అని నేనే ఎన్నోసార్లు కసిరాను. అంతటితో ఆగక, తెలిసినవారు చెప్పిన చూర్ణాన్ని నమ్మి మాత్రలు మాన్పించాను. నెల తిరగకముందే ఆ మాటలు మళ్ళీ వినిపించసాగాయి. అటువంటి పొరపాటు మరొక ఇంట జరగకూడదనే ఈ వ్యాసం.

చరకుడు చెప్పిన లక్షణాలు

ఉన్మాదమంటే అరుపులు, ఆవేశమేనని చాలామంది అభిప్రాయం. చరక సంహితలో కఫజ ఉన్మాద లక్షణాలు చూడండి: ఒకేచోట ఉండిపోవడం, మౌనం, నడక తగ్గడం, ఏకాంతాన్ని కోరడం, శుభ్రతపై ఏవగింపు, అతినిద్ర. నాటి వర్గీకరణ, నేటి వ్యాధి ఒకటేనని చెప్పలేము గాని, ఈ మౌనం కూడా రోగలక్షణమేనని ప్రాచీనులు గుర్తించారు.

లేని మాటలు వినిపించడం వంటివాటిని ఆధునిక వైద్యులు 'పాజిటివ్' లక్షణాలంటారు. ఉండవలసిన మాట, ఉత్సాహం, కోరిక తరిగిపోవడం 'నెగెటివ్' లక్షణం. మందులు మొదటివాటిపై పనిచేసినంతగా రెండవవాటిపై పనిచేయవు.

సన్నగిల్లిన సంధానం

తల వెనుక ఉండే చిన్నమెదడు కదలికల పొందికను చూస్తుంది. ఆలోచనల్లోనూ దానికి పాత్ర ఉంది. 2019లో అమెరికాలోని బోస్టన్ పరిశోధకులు ఎం.ఆర్.ఐ. స్కానింగుల ద్వారా ఒక విషయం గమనించారు. చిన్నమెదడుకూ, నుదుటి వెనుకనున్న మెదడు భాగానికీ నడుమ సంధానం ఎంత బలహీనమో, నెగెటివ్ లక్షణాలు అంత తీవ్రం. అయస్కాంత ప్రేరణతో ఆ సంధానం బలపడినవారిలో లక్షణాలు తగ్గాయి. పరీక్షించినది కొద్దిమందినే కనుక దీన్ని ఇంకా ఖాయమైన చికిత్సగా భావించరాదు.

తమ్ముడి పనితోనే పోల్చి చెబుతాను. బొమ్మ బాగుంటుంది, మాటా బాగుంటుంది. రెండింటికీ పొందిక కుదరకపోతే సన్నివేశం పండదు. అది నటుడి బద్ధకం కాదు కదా!

ఇంట్లో చేయదగినవి

మాత్రలు ఆపకండి. మందకొడితనం మందుల వల్ల గాని, దిగులు వల్ల గాని కూడా రావచ్చు. ఆ సంగతి డాక్టరుకే చెప్పండి. సర్పగంధ ప్రసిద్ధమైన ఓషధే. 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్‌లు ఉన్మాదంలో దాని ఉపయోగాన్ని గురించి రాశారు. కాని అది రక్తపోటును తగ్గిస్తుంది, దిగులును పెంచవచ్చు. సొంతంగా వాడరాదు.

ఎత్తిపొడుపులు మానండి. నిద్ర, భోజనం, స్నానం వేళకు జరిగేలా చూడండి. ఒక్కొక్క చిన్న పని అప్పగించండి. మా తమ్ముడు ఇప్పుడు రోజూ కరివేపాకు దూసి ఇస్తాడు. ఉదయం నాతో కలిసి జూబ్లీహిల్స్ వైపు నడుస్తాడు. మొన్న దారిలో ఒక పాత పాట వినబడగా, "మిక్సింగ్ బాగుంది" అన్నాడు. నేను అడగకుండా అతను పలికిన మాట అది.

ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. 2022లో మొదలైన టెలీమానస్‌కు 14416 నంబరుపై ఫోన్ చేస్తే తెలుగులోనే సలహా లభిస్తుంది. బిడ్డ మౌనంగా ఉంటే కసరకముందే అడగండి.