తాళం మారితే హక్కు మారుతుందా?

జల్‌పల్లి, షాహీన్‌నగర్, పహాడీషరీఫ్ ప్రాంతాలలో కిరాయి గదులలో ఉండి చదువుకొనే విద్యార్థులు ఎందరో ఉన్నారు. వారిలో ఒకరు సాయంకాలం కళాశాల నుండి తిరిగివచ్చేసరికి గది తలుపుకు కొత్త తాళం వేసి ఉన్నదని ఊహించుకొందాము. రెండు నెలల కిరాయి బాకీ ఉన్నమాట నిజమే. కాని పుస్తకాలు, సర్టిఫికెట్లు, మరునాటి పరీక్ష హాల్ టికెట్టు లోపలనే చిక్కుకొన్నాయి. “ఇల్లు నాది, తాళం నా ఇష్టం” అంటాడు ఇంటి యజమాని. ఈ వాదం న్యాయస్థానంలో నిలుస్తుందా?

నిలువదు. చట్టం దృష్టిలో యాజమాన్యం వేరు, స్వాధీనం వేరు. కిరాయికి ఇచ్చిన ఇంటికి యజమాని యజమానిగానే ఉంటాడు. స్వాధీనం మాత్రం కిరాయిదారుది. స్థిరమైన స్వాధీనంలో ఉన్న వ్యక్తికి అక్కడ కొనసాగే హక్కు లేదనుకొన్నప్పటికీ, చట్టమార్గాన తప్ప అతనిని తొలగించరాదని సుప్రీంకోర్టు 1989లో కృష్ణ రామ్ మహాలే కేసులో స్పష్టపరచింది. అయితే రెండు రోజులకు వచ్చిన అతిథికి, యజమాని తరఫున ఇల్లు కాచే కావలివానికి ఇట్టి స్వాధీనం ఉండదు.

తాళం మార్చి వెళ్లగొట్టబడినవారికి 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షను అండగా ఉన్నది. ఆరు నెలలలోగా సివిల్ కోర్టులో దావా వేయాలి. ఇల్లు ఎవరిదన్న ప్రశ్న అందులో రాదు. స్వాధీనం ఎవరిది, అది చట్టవిరుద్ధంగా పోయినదా అన్నదే విచారణ. ఆ తీర్పుపై అప్పీలు లేదు. ప్రభుత్వంపై మాత్రం ఈ సెక్షను క్రింద దావా వేయరాదు.

క్రిమినల్ బాధ్యత కూడ కలదు. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 126వ సెక్షను ప్రకారం, వెళ్లే హక్కు గల చోటికి ఒకరిని వెళ్లకుండ అడ్డగించితే ఒక నెల వరకు ఖైదు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చును. మనిషిని లోపల ఉంచి తాళం వేస్తే 127వ సెక్షను క్రింద ఖైదు ఏడాది వరకు ఉంటుంది. లోపలి సామాను దురుద్దేశంతో తీసుకొనిపోతే అది దొంగతనం.

ఈ సూత్రం కుటుంబానికీ వర్తిస్తుంది. భార్యను బయటికి పంపి తాళం మార్చిన భర్తకు 2005 నాటి గృహహింస నిరోధక చట్టం అడ్డు నిలుస్తుంది. ఇల్లు ఆమె పేర లేకపోయినా, కాపురమున్న ఇంటిలో నివసించే హక్కు ఆమెకు ఉన్నది.

అంతమాత్రాన కిరాయి ఎగవేయవచ్చునని ఎవరూ భావించరాదు. బాకీ బాకీయే. దానికై యజమాని నోటీసు ఇచ్చి, కిరాయి నియంత్రణ చట్టం వర్తించే చోట రెంట్ కంట్రోలర్‌ను, ఇతరత్రా సివిల్ కోర్టును ఆశ్రయించాలి. ఇండ్లు కిరాయికి ఇచ్చే పెద్దలు కూడ ఈ విషయం గమనింతురుగాక.

ఇట్టి ఆపద వచ్చినప్పుడు ఆవేశపడి తాళం పగులగొట్టవద్దని మా మనవి. తలుపు ఫొటోలు తీసి, కిరాయి రసీదులు భద్రపరచి, పోలీసులకు వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండ ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. న్యాయ సేవల ఫోను నంబరు 15100. ఆరు నెలల గడువును మాత్రం మరువరాదు. తాళం మార్చడానికి ఐదు నిమిషాలు చాలు. హక్కును మార్చగలిగేది న్యాయస్థానం ఒక్కటే.