పాఠకులు పట్టుబట్టి చేయించిన పెళ్లి

ఇరవై నాలుగు అధ్యాయాలు, రెండు నెలలు. ‘లిటిల్ విమెన్’ రెండో భాగం రాయడానికి లూయీసా మే ఆల్కాట్‌కు పట్టిన కాలం అంతే. 1868 నవంబరు 1న మొదలుపెట్టి, 1869 జనవరి 1న ప్రచురణకర్తకు పంపేసింది. రోజుకో అధ్యాయం రాయాలనుకుంది. నవంబరు 17 నాటికి 13 అధ్యాయాలు పూర్తయ్యాయి. అదే నెల 29న వచ్చిన 36వ పుట్టినరోజు కూడా ఒంటరిగా రాసుకుంటూనే గడిచిపోయింది. అంత తొందర దేనికంటే, పాఠకులు ఆగేలా లేరు.

మొదటి భాగం 1868 సెప్టెంబరు 30న బోస్టన్‌లో రాబర్ట్స్ బ్రదర్స్ సంస్థ నుంచి వెలువడింది. వేసినవి 2,000 ప్రతులు. నెల తిరిగేసరికి అవన్నీ చెల్లిపోయాయి. అమెరికా అంతర్యుద్ధం నాటి కథ అది. తండ్రి యుద్ధానికి వెళ్లాడు. ఇంట్లో తల్లి, నలుగురు అక్కచెల్లెళ్లు: మెగ్, జో, బెత్, ఏమీ. ఒక క్రిస్మస్ నుంచి మరో క్రిస్మస్ దాకా వాళ్లు ఎలా నెట్టుకొచ్చారన్నదే మొదటి భాగం. 23వ అధ్యాయంలో పెద్దమ్మాయి మెగ్‌కు సంబంధం కుదురుతుంది. ఈ ఇంటి నాటకానికి తెర మళ్లీ లేచేదీ లేనిదీ మొదటి అంకానికి దొరికే ఆదరణను బట్టి ఉంటుందని రచయిత్రి ఆ చివర్లోనే చెప్పేసింది. ఆదరణ ఉత్తరాలై వచ్చింది. ఆడపిల్లలు రాశారు. ఎవరు ఎవర్ని చేసుకుంటారు? ముఖ్యంగా, జో పక్కింటి లారీని చేసుకుంటుందా?

వారపత్రికల సీరియళ్లతో పెరిగిన మనకు ఈ ఆత్రం కొత్తేమీ కాదు. ఆల్కాట్‌కు మాత్రం ఆ ప్రశ్న గుచ్చుకుంది. ఆడదాని బతుక్కి పెళ్లి ఒక్కటే గమ్యమన్నట్టు అడుగుతున్నారని, ఎవరి సంతోషం కోసమూ జోను లారీకి కట్టబెట్టనని దినచర్యలో రాసుకుంది. 1869 మార్చిలో ఒక స్నేహితురాలికి రాసిన ఉత్తరంలో ఇంకా విప్పి చెప్పింది: జో రచయిత్రిగా, పెళ్లి లేకుండానే ఉండిపోవలసింది, కానీ లారీనో ఇంకెవర్నో చేసుకుని తీరాలని అంతమంది అమ్మాయిలు గోల పెడుతుంటే కాదనే ధైర్యం చాలలేదు, పంతం కొద్దీ ఓ వింత జోడీ కుదిర్చాను. ఆ వరుడే ప్రొఫెసర్ బేర్. జర్మన్, వయసులో చాలా పెద్ద, చేతిలో డబ్బు లేనివాడు.

ఆ పంతం అధ్యాయాల లెక్కలోనూ కనిపిస్తుంది. రెండు భాగాలూ కలిపితే 47 అధ్యాయాలు. మెగ్ పెళ్లి 25వ అధ్యాయంలోనే, అంటే రెండో భాగం మొదలైన వెంటనే అయిపోతుంది. పాఠకులు నిజంగా ఎదురుచూసిన సంగతి 35వ అధ్యాయం దాకా రాదు. అది రెండో భాగంలో 12వది, 24కి సరిగ్గా సగం. అక్కడ లారీ అడుగుతాడు, జో కాదంటుంది. అప్పటికే 33వ అధ్యాయంలో బేర్ కథలోకి వచ్చి ఉన్నాడు. 40లో బెత్ చనిపోతుంది. 41లో లారీ, ఏమీ ఒక్కటవుతారు. జోకు బేర్‌తో మాట కుదిరేది 46లో, కథ ముగియడానికి ఒక్క అధ్యాయం ముందు. పాఠకుల ప్రశ్నకు జవాబు సగంలోనే తేల్చేసి, మిగతా సగమంతా ఆ జవాబుతో వాళ్లను సర్దుకోమంది. దీన్ని లొంగుబాటు అనడానికి నాకు మనసొప్పదు. వాళ్లడిగిన పెళ్లి చేసింది, వాళ్లడిగిన వరుడికి మాత్రం ఇవ్వలేదు. 1869 ఏప్రిల్ 14న రెండో భాగం వచ్చాక కూడా పుస్తకం అమ్మకాలు సాగుతూనే ఉన్నాయి.

అంత తెగువ చూపడానికి వెనక డబ్బు లెక్క ఒకటుంది. ఆమె తొలి పుస్తకం ‘ఫ్లవర్ ఫేబుల్స్’ 1,600 ప్రతులు వేస్తే చేతికొచ్చింది 32 డాలర్లు. 1863లో ఒక పత్రిక పోటీలో ఆవేశాలూ పగలూ నిండిన కథకు 100 డాలర్ల బహుమతి దక్కింది. తండ్రి బ్రాన్సన్ తత్వవేత్త, సంపాదన అంతంతమాత్రం. ఇంటి బరువు ఆమె కలం మీదే ఉండేది. ఆడపిల్లల కోసం పుస్తకం రాయమని సంపాదకుడు థామస్ నైల్స్ అడిగినప్పుడు ఆమెకు ఇష్టమే లేదు. 1868 జూన్‌లో 12 అధ్యాయాలు పంపితే ఆయనకు చప్పగా అనిపించాయి, ఆమెకూ అంతే. రాతప్రతి చదివిన అమ్మాయిలు మాత్రం బ్రహ్మాండమన్నారు. అంటే పుస్తకం అచ్చు కాకముందే దాని విలువ పసిగట్టింది ఆ వయసు పాఠకులే. ఆ తర్వాత ప్రచురణకర్తే కాపీరైట్ అమ్ముకోవద్దని సలహా ఇచ్చాడు. రాయల్టీ 6.66 శాతం. వంద డాలర్ల అమ్మకానికి ఆరున్నర డాలర్ల పైచిలుకు అన్నమాట. చూడ్డానికి చిన్న వాటా. కానీ ప్రతి కొత్త ముద్రణా ఆమెకు డబ్బు తెచ్చిపెట్టింది. 1869లో కుటుంబం అప్పులన్నీ తీర్చేసింది. గ్రెటా గెర్విగ్ 2019లో తీసిన సినిమా చివర్లో జో, సంపాదకుడు శాతాల మీద బేరమాడే సన్నివేశం ఈ చరిత్రలోంచే పుట్టింది. నలుగురు అక్కచెల్లెళ్ల కథకు అది చాలా సరైన పతాక సన్నివేశమని నేను నమ్ముతాను.

బ్రిటన్‌లో రెండో భాగానికి ‘గుడ్ వైవ్స్’ అన్న పేరు స్థిరపడింది. అది ఆమె పెట్టింది కాదు. 1880లో రెండు భాగాలూ ఒకే సంపుటంగా వచ్చినప్పుడు భాషను నున్నగా దిద్దారు, లావుగా ఉన్న అమ్మను పొడగరిని చేశారు. మొదటి పాఠంలోని మనుషులే నాకు ఎక్కువ నచ్చుతారు.

ఆ తరువాతి భాగాల మధ్య దూరం మరో కథ. మొదటి, రెండో భాగాల మధ్య ఆరున్నర నెలలు. ‘లిటిల్ మెన్’ 1871లో వచ్చింది. అక్క భర్త చనిపోయాడన్న కబురు విని, ఆమెకూ పిల్లలకూ ఆసరాగా ఉంటుందని రోమ్‌లో ఉండగా రాసింది. చివరిదైన ‘జోస్ బాయ్స్’ 1886లో. మధ్యలో 15 ఏళ్లు. ఆ ఏళ్లలో చెల్లెలు మే పురిటి తర్వాత చనిపోయింది, ఆమె పసిబిడ్డ లూయీసా ఒడికి చేరింది. తండ్రికి పక్షవాతం వచ్చింది. తన ఆరోగ్యమూ పాడై, రోజుకు గంటో రెండు గంటలో మించి రాయలేని స్థితి. ఆ అలసట పుస్తకం చివర దాచుకోకుండా బయటపెట్టింది: కథ జరిగే ప్లమ్‌ఫీల్డ్ మొత్తం భూకంపంలో కూరుకుపోయి, ట్రాయ్‌ను తవ్విన ష్లీమాన్‌కు కూడా దొరక్కుండా పోతే బాగుండునని అనిపిస్తోందని.

అయినా పాత్రలన్నింటికీ ఓ దారి చూపించే వెళ్లింది. వాళ్లలో నాన్ ఉంది. ‘లిటిల్ మెన్’లో అల్లరిపిల్ల, ఇప్పుడు వైద్యం చదివింది. ఆమె వెంటపడి తానూ వైద్యంలో చేరిన టామీ చివరికి వేరే అమ్మాయికి మనసిచ్చాడు. నాన్ పెళ్లి చేసుకోలేదు. ఆడవాళ్లకూ పిల్లలకూ వైద్యం చేస్తూ, తీరిక లేకుండా, ఉల్లాసంగా, ఎవరి మీదా ఆధారపడకుండా బతికింది. 1869లో జోకు ఇవ్వలేకపోయిన జీవితాన్ని 17 ఏళ్ల తర్వాత ఆల్కాట్ నాన్‌కు రాసిచ్చింది.